కుజుడి మీద కాలువలు చూసిన బోస్టన్ దొర

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో గ్రాండ్ కాన్యన్ చూడనివాళ్ళు బహు తక్కువ. ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చారంటే నయాగరా తరువాత మనం తీసుకెళ్ళేది అక్కడికే. ఫీనిక్స్‌లో విమానం దిగి కారులో ఉత్తరానికి వెళ్ళేవాళ్ళకి దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు తగులుతుంది. కారుకి గ్యాస్ పోయించుకుని, వెంట తెచ్చుకున్న పులిహోర తినేసి, చాలామంది ముందుకి సాగిపోతారు. ఆ ఊరికి పడమటి వైపున, పైన్ చెట్ల మధ్య, మార్స్ హిల్ అనే కొండ ఒకటుంది. మార్స్ అంటే అంగారకుడు, మన కుజుడు. ఆ కొండకి ఆ గ్రహం పేరెలా వచ్చిందో, దాని మీద నీలం అద్దాల గుమ్మటం కింద శాశ్వతంగా నిద్రపోతున్న మనిషి ఎవరో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ మనిషి పేరు పర్సివల్ లోవెల్. కుజుడి మీద తెలివైన జీవులున్నారనీ, వాళ్ళు గ్రహమంతటా కాలువలు తవ్వుకున్నారనీ తాను నమ్మి, లోకంలో చాలామందిని నమ్మించినవాడు. ఆ కాలువలు ఇప్పుడు లేవు, అప్పుడూ లేవు. లేనివాటిని చూసిన మనిషి గురించి వందేళ్ళు దాటాక మనం ఎందుకు చెప్పుకోవాలి అని మీరు అడగవచ్చు. నన్ను ఈ కథ పట్టుకోవడానికి కారణం ఒకటుంది. నేను గోదావరి కాలువ గట్టు మీద పెరిగినవాణ్ణి. కాలువ అంటే ఏమిటో, అది తవ్వడానికి ఎంత తెలివి, ఎంత చాకిరీ, ఎంత మంది మధ్య ఒప్పందం కావాలో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే లోవెల్ తర్కం నాకు వెర్రిగా అనిపించలేదు. అది ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలనిపించింది.

లోవెల్ 1855 మార్చి 13న బోస్టన్‌లో పుట్టాడు. కలిగిన కుటుంబం అంటే అలా ఇలా కలిగిన కుటుంబం కాదు. మసాచుసెట్స్‌లో లోవెల్ అనే ఊరుంది కదా, మన విద్యార్థులు చాలామంది చదువుకునే విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, అది ఆ వంశం పేరు మీద వెలిసిన నూలు మిల్లుల ఊరే. తమ్ముడు అబట్ లారెన్స్ లోవెల్ 1909 నుంచి 1933 దాకా హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. చెల్లెలు ఏమీ లోవెల్ పేరున్న కవయిత్రి. పర్సివల్ 1876లో హార్వర్డ్‌లో గణితం చదువు పూర్తిచేసి, ఆరేళ్ళు కుటుంబ వ్యాపారం చూసుకున్నాడు. మనసు నిలవలేదు. 1883లో జపాన్ ప్రయాణం కట్టాడు. అదే ఏడాది కొరియా రాజు అమెరికాకి పంపిన రాయబార బృందానికి కార్యదర్శిగా వచ్చాడు. ఆ తరువాత పదేళ్ళ పాటు జపాన్‌కి రాకపోకలు సాగిస్తూ తూర్పు దేశాల మీద నాలుగు పుస్తకాలు రాశాడు. వాటిలో ఒకదానిలో, ఆసియా వాళ్ళకి సొంత వ్యక్తిత్వం అనేది తక్కువని సిద్ధాంతీకరించాడు. ఈ సంచిక చదివే మనలాంటివాళ్ళం అది చూస్తే నవ్వుకోవాలో కోప్పడాలో తెలియదు. చక్కగా రాయగలడు, చురుకుగా ఆలోచించగలడు. కాని చూసినది కొంచెం, దాని మీద కట్టిన మేడ పెద్దది. ఈ గుణం ముందు ముందు మళ్ళీ కనిపిస్తుంది.

ఇక కుజుడి దగ్గరకి వద్దాం. మన ఇళ్ళలో కుజుడి పేరు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు, దోషం ఉందా లేదా అని తేల్చుకోవడానికి మాత్రమే వినిపిస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులకి మాత్రం అప్పట్లో ఆకాశంలో అంత ఆశ పెట్టిన గ్రహం మరొకటి లేదు. అక్కడ రోజు మన రోజు కంటే సుమారు నలభై నిమిషాలే ఎక్కువ. అక్షం మన భూమి అక్షంలాగే ఒరిగి ఉండడం వల్ల రుతువులున్నాయి. ధ్రువాల దగ్గర తెల్లని టోపీలు చలికాలంలో పెరిగి ఎండాకాలంలో కరుగుతాయి. సుమారు ఇరవై ఆరు నెలలకొకసారి కుజుడు భూమికి దగ్గరగా వస్తాడు. 1877లో అలా వచ్చినప్పుడు మిలాన్ నగరంలో స్కియాపరెల్లీ అనే శాస్త్రజ్ఞుడు కుజుడి పటం గీస్తూ సన్నని గీతలు కొన్ని చూశాడు. వాటికి తన ఇటాలియన్ భాషలో కనాలీ అని పేరు పెట్టాడు.

ఆ మాటలోనే ఉంది తిరకాసు. ఇటాలియన్‌లో కనాలీ అంటే నీళ్ళు పారే దారి. అది దానంతట అది ఏర్పడినదీ కావచ్చు, తవ్వినదీ కావచ్చు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది కెనాల్ అయింది. తెలుగులో మనకి ఈ తేడా బాగా తెలుసు. వాగు, ఏరు, పాయ ఎవరూ తవ్వరు. కాలువ ఎవరో ఒకరు తవ్వాలి. పాయ కాస్తా కాలువ అయ్యేసరికి, తవ్వినవాడెవడు అన్న ప్రశ్న వచ్చింది.

కాలం కూడా అలాంటిదే. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. కరువుతో మాడిన గోదావరి డెల్టా కాలువల వల్ల పచ్చబడింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఒక జాతి తెలివికి కాలువే కొలమానం అనుకున్న రోజులవి. వేరే గ్రహం వాళ్ళు తెలివైనవాళ్ళయితే వాళ్ళూ కాలువలే తవ్వి ఉంటారని ఆనాటి మనిషి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

1893 చివర జపాన్ నుంచి తిరిగి వచ్చిన లోవెల్, ఫ్రెంచి రచయిత ఫ్లమారియాన్ కుజుడి మీద రాసిన పెద్ద గ్రంథం చదివి, ఆ గ్రహానికే తన జీవితం అంకితం చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. 1894 శరదృతువులో కుజుడు మళ్ళీ దగ్గరకి వస్తున్నాడు. ఆలోగా వేధశాల లేవాలి. ఇక్కడ లోవెల్ చేసిన పని మెచ్చుకోదగ్గది. అప్పట్లో వేధశాలలు ఎక్కువగా విశ్వవిద్యాలయాల ఊళ్ళలో, పొగలో, మబ్బులో ఉండేవి. మంచి టెలిస్కోపు కంటే ముందు మంచి గాలి కావాలని లోవెల్ గట్టిగా పట్టుకున్నాడు. ఆండ్రూ డగ్లస్ అనే యువకుణ్ణి ఒక టెలిస్కోపు ఇచ్చి ఆరిజోనా అంతా తిప్పాడు. డగ్లస్ పంపిన పరిశీలనలు చూసి 7,000 అడుగులకి పైన ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌ని ఎంచుకున్నాడు. అరువు తెచ్చుకున్న దూరదర్శినులతో జూన్ కల్లా పని మొదలయింది. 1896లో అల్వన్ క్లార్క్ సంస్థ చేత 20,000 డాలర్లకి 24 అంగుళాల టెలిస్కోపు చేయించాడు. అది నేటికీ ఆ కొండ మీద ఉంది. నేను రెండుసార్లు వెళ్ళి చూశాను. ఇత్తడి, ఇనుము, చెక్క గుమ్మటం, అంతా ఒక పాత రైలింజను ముందు నిలబడ్డట్టు ఉంటుంది.

రాత్రికి రాత్రి లోవెల్ గీతలు చూస్తూ పోయాడు. కాలక్రమాన అవి నాలుగు వందలకి పైగా అయ్యాయి. 1895లో, 1906లో, 1908లో కుజుడి మీద మూడు పుస్తకాలు వేశాడు. ఉపన్యాసాలకి జనం విరగబడి వచ్చారు. అతని వాదం టూకీగా ఇది. కుజుడు భూమి కంటే చిన్నవాడు కాబట్టి తొందరగా చల్లారాడు, తొందరగా ముసలివాడయ్యాడు. సముద్రాలు ఇంకిపోయాయి. మిగిలిన నీళ్ళు ధ్రువాల దగ్గర మంచుగా ఉన్నాయి. వసంతంలో మంచు కరగగానే ఆ నీటిని వేల మైళ్ళ దూరంలోని పొలాలకి తీసుకువెళ్ళడానికి అక్కడివాళ్ళు కాలువలు తవ్వారు. మనకి కనిపించే గీత కాలువ నీరు కాదు, దానికి రెండు వైపులా పెరిగిన పచ్చటి పట్టీ. గ్రహమంతటా ఒకే కాలువల వ్యవస్థ ఉందంటే అక్కడివాళ్ళు యుద్ధాలు మానేసి కలిసి బతకడం నేర్చుకున్నారన్నమాట. నీటి తగాదాలు ఎరిగిన మనకి ఈ చివరి మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పక్కరలేదు.

గాలి గురించీ, వేడి గురించీ కూడా లెక్కలు వేశాడు. కుజుడి మీద గాలి ఒత్తిడి భూమి మీది ఒత్తిడిలో పన్నెండో వంతు ఉంటుందన్నాడు. సగటు ఉష్ణోగ్రత 48 డిగ్రీల ఫారెన్‌హైట్ అనీ, అంటే ఇంచుమించు దక్షిణ ఇంగ్లండు లాంటిదనీ తేల్చాడు.

ఒప్పుకోనివాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. కాలిఫోర్నియాలో లిక్ వేధశాలకి చెందిన క్యాంప్‌బెల్ 1894లోనే కుజుడి నుంచి వచ్చే వెలుగుని వర్ణపటంగా విడదీసి, అక్కడ నీటి ఆవిరి జాడ దొరకలేదన్నాడు. 1903లో ఇంగ్లండులో మౌండర్ ఒక తమాషా ప్రయోగం చేశాడు. గ్రీన్‌విచ్ బడిపిల్లల ముందు చుక్కలు, మచ్చలు మాత్రమే ఉన్న బొమ్మ పెట్టి చూసి గీయమన్నాడు. దూరంగా కూర్చున్న పిల్లల్లో చాలామంది లేని గీతలు గీశారు. విడివిడి చుక్కల్ని కలిపి గీతగా చూడడం మన కంటికి, మెదడుకి పుట్టుకతో వచ్చిన అలవాటు. 1907లో, డార్విన్‌తో పాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని కనిపెట్టిన వాలెస్, ఎనభై నాలుగేళ్ళ వయసులో, లోవెల్‌కి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. అంత పలచని గాలిలో అంత చలిలో నీరు నిలవదనీ, ఎడారిలో వేల మైళ్ళు బయట పారే కాలువ తెలివైనవాడెవడూ తవ్వడనీ అతని వాదన. 1909లో పారిస్ దగ్గర మ్యూడాన్‌లో ఆంటోనియాడీ 33 అంగుళాల టెలిస్కోపుతో చూస్తే, గాలి కదలకుండా నిలిచిన రాత్రి, గీతలు పోయి చిన్న చిన్న మచ్చలు కనిపించాయి.

ఇవన్నీ బయటివాళ్ళ మాటలు. నన్ను బాధపెట్టినది లోపలి కథ. ఫ్లాగ్‌స్టాఫ్‌ని ఎంపిక చేయించిన డగ్లస్‌కి క్రమంగా అనుమానం వచ్చింది. తెల్లని గుండ్రటి బంతుల్ని దూరంగా పెట్టి, వాటిని టెలిస్కోపులో చూశాడు. వాటి మీద ఎవరూ గీయని గీతలు కనిపించాయి. ఆ మాటనీ, లోవెల్ పద్ధతి శాస్త్రీయంగా లేదనే తన దిగులునీ లోవెల్ బావగారికి ఉత్తరంలో రాశాడు. అది లోవెల్ చేతికి చేరింది. 1901లో డగ్లస్ ఉద్యోగం పోయింది. ఏడేళ్ళు రాత్రింబవళ్ళు కలిసి పనిచేసిన మనిషి ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్నకి జవాబు వెతకకుండా మనిషిని పంపేశాడు. డగ్లస్ తరువాత టూసాన్‌లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో చేరి, చెట్ల కాండంలో వలయాలు లెక్కపెట్టి పురాతన కట్టడాల వయసు చెప్పే కొత్త శాస్త్రాన్నే స్థాపించాడు. ఆ వేధశాల పోగొట్టుకున్నది ఎలాంటి బుర్రనో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

రెండో పొరుగు గ్రహం, శుక్రుడు, లోవెల్‌కి ఇంకా విచిత్రమైన పాఠం చెప్పాడు. 1896లో శుక్రుడి మీద చక్రం ఆకుల్లా నడిమి నుంచి బయటికి సాగే గీతలు చూశానన్నాడు లోవెల్. శుక్రుడు మబ్బుల ముసుగు వేసుకున్న గ్రహం. నేల మన కంటికి కనిపించే వీలే లేదు. శుక్రుడి వెలుగు ఎక్కువ కాబట్టి లోవెల్ టెలిస్కోపు ముఖాన్ని బాగా కుదించి చూసేవాడు. అలా సన్నబడ్డ కాంతిపుంజంలో అతనికి కనిపించినవి తన కంటి వెనక పొరలోని రక్తనాళాల నీడలే అయి ఉంటాయని ఒక వివరణ. కంటి వైద్యులున్న ఇళ్ళలో దీన్ని వేరే చెప్పక్కరలేదు. ఆకాశం వైపు చూస్తూ తన కన్నునే పటం గీసుకున్నాడన్నమాట.

అయితే లోవెల్ కథ ఇక్కడ ఆగితే ఇంత దూరం చెప్పేవాణ్ణి కాదు. డగ్లస్ వెళ్ళిపోయిన 1901లోనే ఇండియానా రాష్ట్రపు రైతు బిడ్డ వెస్టో స్లైఫర్ ఆ కొండ మీద చేరాడు. మాట తక్కువ, పని ఎక్కువ. లోవెల్ అతనికి మంచి వర్ణపటదర్శిని కొనిచ్చి, సుడి తిరిగినట్టుండే నెబ్యులాలని పరీక్షించమన్నాడు. అవి పుట్టబోయే సౌరకుటుంబాలని లోవెల్ ఊహ. ఆ ఊహా తప్పే. కాని ఈసారి చూసినది కన్ను కాదు, ఫోటో పలక. 1912లో స్లైఫర్ గంటల తరబడి ఒకే పలక మీద వెలుగు పట్టి, ఆండ్రోమెడా నెబ్యులా సెకనుకి సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోందని కనిపెట్టాడు. 1914 నాటికి పదిహేను నెబ్యులాల వేగాలు కొలిచాడు. ఎక్కువభాగం మననుంచి దూరంగా పోతున్నాయి. అవి మన పాలపుంతకి ఆవల ఉన్న వేరే నక్షత్రమండలాలని తరువాత తెలిసింది. 1929లో హబుల్ విశ్వం వ్యాకోచిస్తోందనడానికి దారి చూపిన లెక్కల్లో వేగాలు చాలావరకు స్లైఫర్ కొలిచినవే. యజమాని ఊహకి ఎదురు వచ్చిన ఫలితాన్ని స్లైఫర్ దాచలేదు, లోవెల్ ఆపలేదు.

చివరి పదేళ్ళు లోవెల్ నెప్ట్యూన్ అవతల ఇంకో గ్రహం ఉందని గణితం వేస్తూ వెతికాడు. 1908లో కాన్‌స్టెన్స్ కీత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1915లో ఆ గ్రహం మీద తన లెక్కలు ప్రచురించాడు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1916 నవంబరు 12న ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే, మెదడులో రక్తనాళం చిట్లి, అరవై ఒకటో ఏట పోయాడు. ఆస్తిలో పది లక్షల డాలర్లకి పైగా వేధశాలకి రాసి వెళ్ళాడు. భార్య ఆ వీలునామా మీద కోర్టుకి వెళ్ళింది. తగువు పదేళ్ళు నడిచి, సొమ్ములో చాలా భాగం కరిగింది. అయినా స్లైఫర్ బృందం కొండ దిగలేదు.

1929లో కాన్సస్ నుంచి క్లైడ్ టాంబో అనే కుర్రాడు అక్కడికి వచ్చాడు. కాలేజీ మెట్టు ఎక్కనివాడు. పొలంలో సొంతంగా చేసుకున్న టెలిస్కోపుతో కుజుణ్ణి, గురుణ్ణి చూసి గీసిన బొమ్మలు పంపితే ఉద్యోగం ఇచ్చారు. 1930 ఫిబ్రవరి 18న, రెండు ఫోటో పలకలు మార్చి మార్చి చూస్తూ కదిలిన చుక్క ఒకటి పట్టుకున్నాడు. లోవెల్ పుట్టినరోజు మార్చి 13న ఆ వార్త లోకానికి చెప్పారు. అదే ప్లూటో. దాని పేరులో మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు పర్సివల్ లోవెల్ పొడి అక్షరాలే. 1915లో తీసిన పాత పలకల మీద కూడా ప్లూటో ఉందనీ, లోవెల్ బతికుండగానే ఎవరి కంటా పడకుండా పోయిందనీ తరువాత తేలింది. లేని కాలువలు కనిపించాయి, ఉన్న గ్రహం కనిపించలేదు. ప్లూటో బరువు లోవెల్ లెక్కకి ఏ మాత్రం సరిపోదు కాబట్టి దొరికిన చోటు కాకతాళీయమే. 2006లో దానికి గ్రహం హోదా కూడా పోయింది.

కుజుడి సంగతి 1965 జూలైలో తేలింది. నాసా పంపిన మారినర్ 4 దాని పక్కనుంచి పోతూ ఇరవైకి పైగా ఫోటోలు తీసింది. కాలువలు లేవు, పొలాలు లేవు, చంద్రుడి మీదలా గుంటలు. గాలి ఒత్తిడి భూమి మీది దానిలో నూరో వంతు కూడా లేదు. లోవెల్ లెక్క పదిరెట్లకి పైగా ఎక్కువ. గాలిలో నూటికి తొంభై అయిదు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. సగటు ఉష్ణోగ్రత సున్నాకి అరవై సెంటీగ్రేడ్ డిగ్రీల కింద. వాలెస్ ముసలాయన మాటే నెగ్గింది.

అయినా కుజుడు మనల్ని వదల్లేదు. 1971లో మారినర్ 9 ఎండిపోయిన నదీ మార్గాల్ని చూపించింది. 2013 నవంబరు 5న మన నెల్లూరు సీమలోని శ్రీహరికోట నుంచి లేచిన మంగళ్‌యాన్, 2014 సెప్టెంబరు 24న కుజుడి చుట్టూ కక్ష్యలో ప్రవేశించి, 2022 దాకా మాట్లాడింది. 2021 ఫిబ్రవరిలో నాసా వారి పర్సీవరెన్స్ బండి దిగిన జెజెరో గుంటలో, మూడు వందల కోట్ల ఏళ్ళకి పైబడిన నాడు, ఒక ఏరు సరస్సులో కలిసి డెల్టా వేసింది. మా కోనసీమలాంటిదే, కొబ్బరిచెట్లు లేవంతే. కుజుడి మీద నీళ్ళు పారిన మాట నిజమే. అవి పాయలు, కాలువలు కావు. స్కియాపరెల్లీ వాడిన మాటని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు జారిపోయిన అర్థమే చివరికి మిగిలింది.

ఈ కథ నేను మా ఇంట్లో పిల్లలకి చెప్పినప్పుడు, లోవెల్ మంచివాడా చెడ్డవాడా అని అడిగారు. రెండూ కాదన్నాను. సొంత డబ్బు, సొంత నిద్ర ఖర్చుపెట్టి ఆకాశం చూసినవాడు. తన కంటిని తాను అనుమానించలేకపోయాడు, అనుమానించిన డగ్లస్‌ని భరించలేకపోయాడు. కాని మంచి గాలి, మంచి పరికరం, మంచి పనివాళ్ళు ఉన్న చోటొకటి కట్టి వెళ్ళాడు. అతని అభిప్రాయాలు పోయాక కూడా ఆ చోటు పనిచేసింది. ఈ దేశంలో మనం కూడా గుళ్ళు, బడులు, సంఘాలు కడుతున్నాం. మన అభిప్రాయాలు మన పిల్లల నాటికి ఎన్ని నిలుస్తాయో చెప్పలేం. మనం కట్టిన చోట రేపు ఒక డగ్లస్ లేచి ఇది నాకు కనిపించడం లేదండీ అంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, సరే నువ్వు కొలిచి చూపించు అనగలిగితే చాలు.